కాసేపు ఎవరైనా ఎత్తుకుంటే

పిల్లలంటే ప్రాణమే. అయినా రోజులో ఒక్క గంట వాళ్లు కంటికి కనబడకుండా, చెవికి వినబడకుండా ఉంటే బాగుండునని ఎందుకనిపిస్తుంది?

ఈ ప్రశ్నని ఎవరూ గట్టిగా అడగరు. పిల్లల డాక్టరు గది బయట బెంచీ మీదో, స్కూలు బస్సు కోసం నిలబడ్డ చోటో, పక్కనున్నామె కూడా తల్లేనని తెలిశాక గొంతు తగ్గించి అడుగుతారు. అడిగిన మరుక్షణమే "అలా అనకూడదులెండి, లేనివాళ్లు ఎంత బాధపడతారో" అని తామే సర్దుకుంటారు. తండ్రులకీ ఈ కోరిక ఉంటుంది. వాళ్లలో చాలామంది ఆ మాత్రం కూడా బయటపడరు.

ప్రేమ తగ్గితేనే ఇలాంటి ఆలోచన వస్తుందని మన నమ్మకం. తల్లికి అలుపుండదని పాటల్లో, సినిమాల్లో వింటూ పెరిగాం. గత కొన్ని దశాబ్దాల్లో శాస్త్రవేత్తలు పోగుచేసిన సంగతులు చదివిన కొద్దీ నాకు ఆ నమ్మకం సడలిపోయింది. కాసేపు పిల్లలకి దూరంగా ఉండాలన్న కోరికకీ ప్రేమకీ విరోధం లేదు. మనిషి బిడ్డని పెంచడానికి కావలసినన్ని చేతులు ఆ ఇంట్లో లేవని ఒళ్లు చెప్పే కబురు అది.

లండన్‌లో పిల్లల వైద్యుడిగా, మనోవిశ్లేషకుడిగా పనిచేసిన డొనాల్డ్ వినికాట్ 1949లో ఒక వ్యాసం అచ్చువేశాడు. మామూలు తల్లికి, మంచి తల్లికి, తన బిడ్డ మీద కోపం ముంచుకు రావడానికి ఎన్ని కారణాలుంటాయో అందులో వరసగా 18 రాశాడు. ఆమెకంటూ మిగిలిన కాస్త సొంత జీవితానికి బిడ్డ అడ్డు రావడం వాటిలో ఒకటి. ఆ కోపం ఉండీ, దాన్ని బిడ్డ మీద చూపకుండా ఓర్చుకోగలగడమే తల్లిలోని గొప్పతనమని ఆయన భావించాడు. డెబ్భై ఐదేళ్లు దాటిన మాట ఇది. మన ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకోలేని మాట.

2004లో డేనియల్ కానమన్, ఆయన సహచరులు టెక్సస్‌లో 909 మంది ఉద్యోగినుల చేత నిన్నటి రోజుని ఘట్టాలుగా విడదీయించి, ఒక్కో ఘట్టంలో మనసు ఎలా ఉందో రాయించారు. పిల్లల్ని చూసుకుంటున్న సమయం సంతోషం లెక్కలో టీవీ చూడడం కన్నా, వంట చేయడం కన్నా కింద నిలిచింది. జీవితం మొత్తం మీద ఎక్కువ ఆనందమిచ్చిందేమిటని అడిగితే పిల్లలేననే తల్లులు ఎక్కడైనా ఎక్కువే. రెండు జవాబులూ నిజమే. జీవితాన్ని తలుచుకున్నప్పుడు కలిగే నిండుతనం వేరు, మంగళవారం సాయంత్రం ఆరున్నరకి ఉండే ఒంటి స్థితి వేరు.

మంగళవారం సాయంత్రం ఆరున్నర

పొయ్యి మీద పోపు వేగుతోంది. నాలుగేళ్ల పాప చున్నీ పట్టుకు లాగుతోంది, పెన్సిలు ములుకు విరిగిందట. తల్లి ఒక చేత్తో గరిట తిప్పుతూ "ఆగమ్మా, ఇస్తా" అంటుంది. ఇంతలో హాల్లో ఏదో దబ్బున పడిన చప్పుడు, వెనకే రెండేళ్లవాడి కేక. స్టవ్ కట్టేసి పరిగెత్తుతుంది. వాడికేం కాలేదు, మూత రాని డబ్బా మీద కోపం. వాణ్ని చంకనేసుకుని వచ్చేసరికి ఆవాలు మాడాయి. పాప ఇంకా అక్కడే ఉంది, పెన్సిలు అలాగే చాచి పట్టుకుని.

ఇందులో కష్టమైన పని ఏదీ లేదు. మరి రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ మనిషి పిండేసినట్టు ఎందుకైపోతుంది?

మొదటి కారణం ఆ కేక. 2015లో ల్యూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్ బృందం మనిషి కేకని మామూలు మాటతో పోల్చి చూసింది. కేకలో శబ్దం సెకనుకి 30 నుంచి 150 సార్లు పెరుగుతూ తరుగుతూ కంపిస్తుంది. ఈ గుణాన్ని వాళ్లు రఫ్‌నెస్ అన్నారు, మనం గరుకుదనం అందాం. మామూలు మాటలో ఇంత వేగమైన కంపనం ఉండదు. మంటలు లేచినప్పుడు మోగే అలారాల్లో ఉంటుంది. గరుకుదనం ఎంత ఎక్కువైతే, మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అంత గట్టిగా స్పందించింది. డబ్బా మూత కోసం ఏడ్చినా, తేలు కుట్టి ఏడ్చినా తల్లి ఒంట్లో మొదటి క్షణం జరిగేది దాదాపు ఒకటే. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఏమీ జరగలేదని కళ్లతో చూసుకున్నాక కూడా ఆ బిగువు సడలడానికి కాస్త సమయం పడుతుంది. అది సడలేలోపే ఇంకో కేక.

రెండో కారణం ధ్యాస. మనకి ఇష్టమున్నా లేకపోయినా ఒక పని మీద పట్టి నిలిపే ధ్యాసని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు డైరెక్టెడ్ అటెన్షన్ అన్నారు. దీన్ని వేసవికాలపు ఊరి బావితో పోల్చుకుంటే బాగా అర్థమవుతుంది. తెల్లవారుజామున బావిలో నీళ్లు తేటగా నిండుగా ఉంటాయి. ఒక్కో బిందె తోడుతుంటే మట్టం దిగుతుంది. నింపాదిగా తోడితే అడుగున ఊట ఊరుతూనే ఉంటుంది కాబట్టి లోటు తెలియదు. మధ్యాహ్నానికి పది మంది చుట్టూ చేరి ఆపకుండా తోడితే చేద అడుక్కి తగిలి బురద లేస్తుంది. నీళ్లు అడిగినవాళ్లకి బురదే వస్తుంది. బావి చెడిపోలేదు. దాన్ని నాలుగు గంటలు వదిలేస్తే మళ్లీ ఊరుతుంది. సాయంత్రం ఆరున్నరకి పిల్లల మీద విసుక్కునే తల్లి మంచితనం ఎక్కడికీ పోలేదు, చేద అడుక్కి తగిలిందంతే. ధ్యాస అడుగంటినప్పుడు చిరాకు పెరుగుతుందని కాప్లన్ దంపతులూ రాశారు.

పైగా పిల్లల పనుల్లో ప్రతిదీ సగంలో తెగుతుంది. సగంలో వదిలిన పనిని మనసు వెంటనే వదలదు, కొంత అక్కడే చిక్కుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో తన ప్రయోగాలతో చూపింది. విరిగిన పెన్సిలు, కట్టేసిన స్టవ్, ఇంకా జవాబివ్వని ఫోను, ఇవన్నీ మనసులో ఒక్కో మూల పట్టుకుని కూర్చుంటాయి.

మూడోది స్పర్శ. దీని గురించి పాలిచ్చే తల్లులు తమలో తాము మాట్లాడుకుంటారు, బయట చెప్పరు. పగలంతా ఒంటి మీద ఒకరో ఇద్దరో ఎక్కి, పట్టుకుని, వేలాడి, రాత్రి భర్త ప్రేమగా భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది. తనకేదో అయిందని భయపడతారు. మన చర్మంలో, సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో సాగే మెత్తటి నిమురుకే ప్రత్యేకంగా స్పందించే సన్నటి నరాలున్నాయి. లాలన తెలిసేది ఎక్కువగా వీటి వల్లే. అయితే అదే నిమురు ఆగకుండా సాగితే మొదట్లో ఉన్న హాయి క్రమంగా తగ్గిపోతుందని ప్రయోగాల్లో తేలింది. ఇంపుకీ ఒక మోతాదు ఉంది.

కాసేపు చప్పుడే ఆగితే ఒంటికి ఏమవుతుంది? ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో లూచానో బెర్నార్డీ 2006లో సంగీతం గుండె మీద, ఊపిరి మీద ఏం ప్రభావం చూపుతుందో పరీక్షించాడు. పాటల మధ్య ఊరికే ఉంచిన 2 నిమిషాల నిశ్శబ్దంలో రక్తపోటు, గుండె వేగం అన్నిటికన్నా ఎక్కువగా తగ్గాయి. నెమ్మదైన సంగీతం కన్నా, ప్రయోగం మొదలుకాక ముందున్న స్థితి కన్నా కూడా.

మరి పిల్లలు నిద్రపోయాక ఇల్లంతా నిశ్శబ్దమే కదా, అది చాలదా అనొచ్చు. చాలదు. బిడ్డ నిద్రపోతున్నా తల్లి చెవి ఆ గదిలోనే ఉంటుంది. మళ్లీ లేస్తుందేమో, ఈలోపు ఏం చేసుకోవాలి అని మనసు లెక్కలు వేస్తూనే ఉంటుంది. కాపలా దిగలేదు కాబట్టి విశ్రాంతి మొదలవలేదు. తల్లిదండ్రులు కోరుకుంటున్నది చప్పుడు ఆగడం ఒక్కటే కాదు. ఈ గంటలో ఏం జరిగినా చూసుకునే మనిషి ఇంకొకరు ఉన్నారన్న భరోసా కావాలి. దీన్ని అర్థం చేసుకోవాలంటే కోతుల దగ్గరికి వెళ్లాలి.

ఆబూ కొండ మీది కొండముచ్చులు

1970ల మొదట్లో సారా బ్లాఫర్ హర్డీ అనే అమెరికన్ యువతి రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూకి వచ్చింది. హార్వర్డ్ విద్యార్థిని. కొండముచ్చుల మధ్య మగవి పసికూనల్ని ఎందుకు చంపుతాయో తెలుసుకోవడం ఆమె వచ్చిన పని. 1977లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. ఆమె జీవితాంతం వెంట తీసుకెళ్లిన ప్రశ్న మాత్రం వేరే దృశ్యంలో దొరికింది. నల్లటి పసికూనని కన్న తల్లి చుట్టూ మందలోని మిగతా ఆడవి చేరతాయి. వాటిలో ఒకటి మెల్లగా చెయ్యి చాపి కూనని తన ఒళ్లోకి లాక్కుంటుంది. దాని దగ్గర్నుంచి మరొకటి. కూన కీచుమన్నా తల్లి కంగారుపడదు. దూరంగా వెళ్లి ఆకులు తింటుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే ఇది మొదలైపోతుంది.

మనకి ఇంతకన్నా దగ్గరి చుట్టాలైన చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ తల్లులు ఇలా చేయవు. మొదటి కొన్ని నెలలు బిడ్డని ఇంకొకరి చేతికి ఇవ్వనే ఇవ్వవు. ఆ పద్ధతికి ఒక మూల్యం ఉంది. చింపాంజీకి కాన్పుకీ కాన్పుకీ మధ్య ఐదారేళ్లు, ఒరాంగుటాన్‌కి ఏడెనిమిదేళ్లు ఎడం. ఒక బిడ్డ తన తిండి తాను వెతుక్కునేదాకా రెండోదాన్ని కనలేవు.

మనిషి సంగతి చూడండి. వేట మీద, దుంపలూ కాయల మీద బతికే తెగల్లో కూడా కాన్పుల మధ్య ఎడం మూడు నాలుగేళ్లే. అయితే మనిషి బిడ్డ సొంతంగా పొట్ట పోసుకునే సరికి చింపాంజీ పిల్ల కన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ పడుతుంది. అంతదాకా ఆ బిడ్డకి పట్టే తిండి కోటి కిలోకాలరీలకు పైమాటే. ఒక తల్లి, ఒక తండ్రి అడవిలో తిరిగి తేగలిగిన తిండి కాదది. అంటే మొదటినుంచీ ఇంకెవరో చెయ్యి వేస్తూ వచ్చారు. హర్డీ 2009లో రాసిన 'మదర్స్ అండ్ అదర్స్' పుస్తకం సారాంశం ఇదే. ఇలా నలుగురూ కలిసి ఒకరి బిడ్డని పెంచడాన్ని జీవశాస్త్రంలో కోఆపరేటివ్ బ్రీడింగ్ అంటారు. మనం తోడుపెంపకం అందాం. అలా సాయం పట్టేవాళ్లు అలోపేరెంట్లు, మన మాటలో తోడుచేతులు.

ఇది ఊహ మాత్రమే కాదు. కాంగోలోని ఇటూరి అడవుల్లో ఉండే ఎఫే తెగ పసిబిడ్డల్ని ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం గంటల తరబడి గమనించి లెక్క రాసుకుంది. మూడు వారాల బిడ్డ తన సమయంలో 39 శాతం తల్లి కాని వాళ్ల చేతుల్లోనే ఉంది. 18 వారాలకి అది 60 శాతమైంది. టాంజానియాలో హడ్జా తెగ మధ్య పనిచేసిన క్రిస్టెన్ హాక్స్ బృందానికి ముసలమ్మలు ఆశ్చర్యం కలిగించారు. కాన్పులు ఆగిపోయి ఎన్నో ఏళ్లైన ఆడవాళ్లు గట్టి నేలలో కర్రతో దుంపలు తవ్వుతూ వయసు కోడళ్లకి తీసిపోకుండా కష్టపడుతున్నారు. కూతురికి కొత్త బిడ్డ పుట్టినప్పుడు, పెద్ద బిడ్డ బరువు పెరగడం తల్లి తెచ్చిన తిండిని బట్టి కాక అమ్మమ్మ తెచ్చినదాన్ని బట్టి ఉంది. ఆడమనిషి కాన్పుల వయసు దాటాక కూడా అన్నేళ్లు ఎందుకు బతుకుతుందన్న ప్రశ్నకి హాక్స్ ఇచ్చిన జవాబు ఇక్కణ్నుంచే పుట్టింది.

ఇప్పుడు మళ్లీ మంగళవారం సాయంత్రానికి రండి. ఆ వంటింట్లో లేనివాళ్లు ఎవరో కనబడుతుంది.

కాళ్లు బారచాపి కూర్చున్న అమ్మమ్మ

తోడుచేతుల గురించి తెలుగువాళ్లకి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. పురుడయ్యాక మూడో నెలో ఐదో నెలో వచ్చాకే అత్తింటికి పంపుతారు. పొద్దున్నే అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, వాటి మధ్య సందులో బిడ్డని బోర్లా పడుకోబెడుతుంది. గోరువెచ్చటి నూనె వీపుకి రాసి, సున్నిపిండి నలిచి, చేతిని అడ్డం పెట్టి తలమీద నీళ్లు పోస్తుంది. తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, పొత్తిగుడ్డల్లో చుట్టి పడుకోబెడితే బిడ్డ రెండు గంటలు కదలదు. ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ బాలింత పక్కగదిలో నిద్రపోతుంది. ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా. వేసవి సెలవులకి పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపడం కూడా ఇలాంటి ఏర్పాటే.

అమెరికాలో కాన్పయ్యే తెలుగు అమ్మాయిలు ఈ ఏర్పాటుని విమానం ఎక్కించారు. విజిటర్ వీసా మీద ముందు అమ్మానాన్నలు ఆరు నెలలు, వాళ్లు వెనక్కి వచ్చే వేళకి అత్తమామలు ఆరు నెలలు. చలిలో, భాష రాని ఊళ్లో, అరవై దాటిన ఆవిడ మనవడి కోసం పడే శ్రమని నేను హడ్జా అమ్మమ్మల దుంపల పక్కనే పెట్టి చూస్తాను.

ఉమ్మడి కుటుంబంలో అంతా హాయిగా ఉండేదని చెప్పడం మాత్రం అబద్ధమవుతుంది. పదిమందికి వండి వార్చే కోడలికి ఆ ఇంట్లో తోడుచేతులు ఉన్నాయో, తనే పదిమందికి తోడుచెయ్యి అయ్యిందో ఆమెనే అడగాలి. కూలికి పోయే ఇళ్లలో ఆ చేతులు ఎనిమిదేళ్ల అక్కవి. కట్టడం పని దగ్గర చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల ఊపుతూ బడి మానేసిన ఆడపిల్లలు ఎందరో. తల్లికి దొరికిన ఆసరా వెల ఆ పిల్ల చదువు. 1969లో ఢిల్లీ కట్టడాల దగ్గర మీరా మహదేవన్ మొబైల్ క్రెష్‌లు మొదలుపెట్టింది ఇలాంటి పిల్లల్ని చూసే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం ఊరూరా అంగన్‌వాడీని తెచ్చింది. అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు అనే మనకి గుర్తు. రోజూ కొన్ని గంటలు తల్లి కాపలా దించే చోటు కూడా అదే.

తోడుచేతులు పూర్తిగా మాయమైతే ఏమవుతుందో బెల్జియం పరిశోధకులు ఇసబెల్ రోస్కామ్, మోయిరా మికోలాయ్‌చాక్ ఏళ్లుగా చూస్తున్నారు. పెంపకం వల్ల వచ్చే ఈ తీవ్రమైన అలసటని పేరెంటల్ బర్నవుట్ అంటారు. ఒళ్లు, మనసు పూర్తిగా డస్సిపోవడం, పిల్లలకి కావలసినవన్నీ చేస్తూనే మనసు వాళ్లకి దూరం కావడం, పెంపకంలో ఏ తృప్తీ లేకపోవడం, "నేను ఇలాంటి తల్లిని కాను కదా" అని తనని తాను గుర్తుపట్టలేకపోవడం దీని నాలుగు లక్షణాలు. 2021లో వాళ్ల బృందం 42 దేశాల్లో 17,409 మంది తల్లిదండ్రుల వివరాలు ప్రచురించింది. డబ్బులో తేడాల కన్నా, పిల్లల సంఖ్య కన్నా ఆ సమాజం ఎంత ఎవరికి వారే అన్నట్టు బతుకుతుందన్న దానితోనే ఈ అలసటకి ఎక్కువ సంబంధం కనబడింది. ఇలా డస్సిపోయినవాళ్ల తలవెంట్రుకల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మామూలు తల్లిదండ్రులకన్నా బాగా ఎక్కువ. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి మూడు సెంటీమీటర్ల వెంట్రుకలో మూడు నెలల ఒత్తిడి లెక్క ఉంటుంది.

ఒక్క తేడా ఇక్కడే చెప్పాలి. విరామం దొరికాక తేలికపడితే అది అలసట. విరామం దొరికినా తేలికపడకుండా, రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోయినా, బిడ్డనో తననో ఏదైనా చేయాలన్న ఆలోచనలు వస్తున్నా అది జబ్బు. దానికి వైద్యం ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

మరి బిడ్డకేమవుతుంది?

తల్లులు విరామం తీసుకోకపోవడానికి పెద్ద కారణం ఈ భయమే. వదిలి వెళితే బిడ్డ మనసు విరిగిపోతుందేమోనని.

దక్షిణ భారతంలో మాత్రమే ఉండే, మన గుళ్ల దగ్గరా బస్టాండ్లలోనూ తిరిగే బానెట్ మకాక్ అనే కోతి ఈ విషయంలో ఒక జవాబిచ్చింది. 1960లలో అమెరికాలో చార్లెస్ కాఫ్‌మన్, లెనార్డ్ రోసెన్‌బ్లమ్ ఈ కోతుల్నీ, పిగ్‌టెయిల్ మకాక్ అనే మరో జాతినీ పెంచి, కొన్నాళ్లు తల్లుల్ని వేరుచేసి చూశారు. పిగ్‌టెయిల్ తల్లులు బిడ్డని ఎవరినీ ముట్టుకోనివ్వవు. తల్లి లేకపోయేసరికి ఆ కూనలు మొదట కంగారుగా తిరిగి, తర్వాత తల వంచుకుని ముడుచుకుపోయాయి. మన కోతుల కూనలకి అలా కాలేదు. తల్లి ఉన్నప్పుడే మిగతా ఆడవాటి ఒళ్లో ఆడిన అలవాటు ఉంది, అవే దగ్గరికి తీసుకున్నాయి. ఆ ప్రయోగం క్రూరమైనదే, ఇప్పుడైతే అలా చేయనివ్వరు. కానీ అది చూపిన సంగతి విలువైనది. కూనని కాపాడింది అప్పటికే అలవాటైన ఒళ్లు.

మనుషుల్లో పెద్ద పరిశోధన అమెరికాలో 1991లో మొదలైంది. పది ప్రాంతాల్లో 1,364 మంది పిల్లల్ని పుట్టినప్పటినుంచి ఏళ్ల తరబడి గమనించారు. తల్లి కాని వాళ్ల దగ్గర కొన్ని గంటలు పెరగడం వల్ల మాత్రమే బిడ్డకి తల్లితో బంధం బలహీనపడలేదని 1997లో ప్రకటించారు. తల్లి దగ్గరున్నప్పుడు బిడ్డ సైగల్ని ఎంత బాగా పట్టించుకుంటుందన్నదే ముఖ్యంగా తేలింది. చూసుకునే చోటు బాగా లేక, తల్లి స్పందనా అంతంత మాత్రమైతే అప్పుడు ఇబ్బంది కనబడింది. చాలా ఎక్కువ గంటలు సంరక్షణ కేంద్రాల్లో గడిపిన పిల్లల్లో అల్లరి కాస్త ఎక్కువని కూడా తర్వాతి ఫలితాలు చెప్పాయి. అంటే ఎవరి దగ్గర, ఎన్ని గంటలు అన్నది చూసుకోవలసిందే. అమ్మమ్మ దగ్గర ఒక మధ్యాహ్నం గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు.

పక్క గదిలో నాన్న

అమ్మమ్మ వేరే ఊళ్లో ఉన్నా, అంగన్‌వాడీ సాయంత్రం మూసేసినా, చాలా ఇళ్లలో ఇంకో జత చేతులు ఉంటాయి. 2024 కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణలో పాలు పంచుకుంటున్నారు, మగవాళ్లలో 21.4 శాతం. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు.

"మగవాళ్లకి ఆ ఓపిక పుట్టుకతో రాదు" అంటారు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకుల్ని కొన్నేళ్ల ఎడంతో పరీక్షించిన లీ గెట్లర్ బృందం 2011లో వేరే సంగతి చెప్పింది. తండ్రులైనవాళ్లలో టెస్టోస్టిరోన్ బాగా తగ్గింది. రోజుకి మూడు గంటలు, అంతకు మించి బిడ్డతో గడిపేవాళ్లలో ఇంకా తక్కువగా ఉంది. మగ ఒళ్లు కూడా పెంపకానికి తగ్గట్టు మారుతుంది. బిడ్డని ఎత్తుకున్నవాడిలో ఎక్కువగా మారుతుంది.

అయితే "నేను చూసుకుంటాలే" అని, పావుగంటకోసారి "వీడి నిక్కరు ఎక్కడ? పాలు ఎంత వెచ్చబెట్టాలి?" అని తలుపు తట్టే తండ్రి వల్ల తల్లి కాపలా దిగదు. నిక్కరు ఎక్కడుందో, జ్వరం మందు ఎన్ని చుక్కలో, ఏ దుప్పటి లేకపోతే నిద్రపోదో అతనికి సొంతంగా తెలియాలి. తెలియడానికి తల్లి ఇంట్లో లేని పూటలు కొన్ని కావాలి. తనలా చేయలేదని తల్లి వెనక్కి లాక్కోకుండా ఉండడమూ కావాలి.

మన చట్టాలు ఈ సంగతి ఇంకా గుర్తించలేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవిచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది, రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్లి బిడ్డని చూసుకోవచ్చంది. ఆ వాక్యంలో తండ్రి లేడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగంలోని తండ్రికి ఆ మాత్రమైనా ఇవ్వాలనే కేంద్ర చట్టం లేదు. బిడ్డని ఎత్తుకోవడం నేర్చుకోవలసిన ఆ మొదటి నెలల్లో అతను ఆఫీసులో ఉంటాడు.